నలభై మూడు గుండుసూదులు

నవంబరు 3, సోమవారం

ఇక్కడ మకాం పెట్టి మూడు రోజులైంది. ఇంటి నుంచి రాకపోకలకు బస్సులో ఎనభై నిమిషాలు పోతాయి. తవ్వకం పనిలో ఎనభై నిమిషాలంటే మాటలా? అందుకే ఈ ఇంటి వెనక గదిలో మంచం వేయించుకున్నాను. అంతకు మించి ఏమీ లేదు. ఇంతకన్నా దూరం పనులకు పాతికేళ్ళు రోజూ వెళ్ళొచ్చిన మాట నిజమే. అప్పుడు వయసులో ఉన్నాను.

పొద్దున కిటికీ తీస్తే పెరడు లేదు, అంతా మంచు. కాసేపటికి బావి గట్టు తేలింది, తర్వాత ప్రహరీ గోడ, ఆ తర్వాత మేస్త్రి టోపీ. ఒక్కొక్కటే నెమ్మదిగా, ఎవరో గుర్తు తెచ్చుకుంటున్నట్టు. నేను టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మేస్త్రి "అమ్మా, టీ చల్లారిపోయింది" అనేదాకా కదల్లేదు.

పెద్దాయన పోయి నలభై ఏళ్ళు. ఆయన నవల ఒక్కటైనా లేని ఇల్లుండదంటారు. ఇప్పుడు ఈ ఇంటిని మ్యూజియం చేస్తున్నారు. నేలలు మార్చేముందు కింద ఏముందో చూసి రాసిపెట్టమని మా పురావస్తు శాఖకు అప్పగించారు. స్మారక సంఘం కార్యదర్శి గారికి తొందరెక్కువ. ముందుగది గోడ మీద అప్పుడే పెద్దాయన మాట ఒకటి బారెడు అక్షరాలతో రాయించేశారు. "మా ఇంట్లో సూదీ దారం ఎక్కడుంటాయో నాకు ఈనాటికీ తెలియదు. నా వాక్యం ఎక్కడ మొదలవుతుందో మా ఆవిడకు తెలియదు. కాపురం హాయిగా సాగింది." చూడ్డానికి వచ్చినవాళ్ళంతా చదివి నవ్వుతున్నారు. మగవాళ్ళు కాస్త ఎక్కువ నవ్వుతున్నారు.

నది ఒడ్డు తవ్వకం ఉత్తరం ఈ డైరీలోనే పెట్టాను. మూడేళ్ళ పని, నేనే అధికారిని. ముప్పయ్యో తేదీలోగా సంతకం పెట్టి పంపాలి. మా ఆయనకు చెప్పలేదు. వెళ్ళానంటే మళ్ళీ ఆ ఇంటికి రాను, అది నాకు తెలుసు. కాగితంలో "వసతి ఎందరికి" అని ఒక గడి ఉంది. ఒకటి అని రాయడానికి ఎంతసేపు పడుతుంది?

నవంబరు 4

మంచు. రాతగది పలకలకు నంబర్లు వేశాం. ఫోను లేదు.

నవంబరు 6, గురువారం

రాతగది నేల విప్పాం.

పెద్దాయన ఈ ఇంటికి వచ్చిన ఏడాది చెక్క పలకలు వేయించారు. పదకొండేళ్ళ తర్వాత వాటి మీద షీటు పరిచి కప్పేశారు. షీటు కింద వేసిన వార్తాపత్రికల మీద తేదీలు శుభ్రంగా ఉన్నాయి. అంటే పలకల సందుల్లోంచి జారిపడిన ప్రతిదీ ఆ పదకొండేళ్ళలోనే పడింది. ఆ పదకొండేళ్ళూ ఆయన ఒక్క పుస్తకమూ రాయలేదు. దాన్ని మహామౌనం అంటారట. దాని మీద మూడు పరిశోధన గ్రంథాలు అచ్చయ్యాయని కార్యదర్శి గారు నాకు రోజుకోసారి చెబుతున్నారు, నేను మర్చిపోతానేమోనని.

కిటికీ పక్కన, బల్ల ఉండిన చోట దుమ్ము మందంగా ఉంది. పదిన్నరకు ఎండ వాలుగా వచ్చి దాని మీద పడింది. దుమ్ము లేచి వెలుగులో తిరుగుతూంటే గది నీళ్ళలో మునిగి ఉన్నట్టనిపించింది. నేను దాని అడుగున బోర్లా పడుకుని తాపీతో పొరలు పొరలుగా గీకాను. నా తాపీకి గులాబీ రంగు పిడి. కొత్తవాళ్ళు చూసి నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, ఎవరూ ఎత్తుకుపోరు. ఏడేళ్ళ కిందట చెక్క పిడి విరిగితే ఆఫీసు స్టోరువాళ్ళు ఏదో పోసి అతికించారు. నాలుగు వేళ్ళూ నాలుగు పల్లాల్లో ఎంత బాగా కూర్చుంటాయంటే, సాయంత్రానికి మోకాళ్ళు నొప్పి పుడతాయిగానీ చెయ్యి నొప్పి పుట్టదు.

దొరికినవి: తుప్పు పట్టిన సన్నటి ఇనప ముక్కలు నలభై మూడు. రాతప్రతుల కాగితాలకు గుచ్చే గుండుసూదులు, తలలు ఊడిపోయి ఉంటాయి. సిరాబుడ్డి మూత ఒకటి, ఇత్తడిది. తెల్లటి చిన్న గుండీలు యాభై దాకా. సుద్దముక్కలు. చీటీలు రాసి సంచుల్లో వేశాను. గుండీలకు మాత్రం ఏమని రాయాలో తోచలేదు. పిల్లలు లేని ఇల్లు ఇది.

నవంబరు 7, శుక్రవారం

బుజ్జి ఫోన్ చేసింది. "అమ్మా, నాన్న టీలో బ్రెడ్డు ముంచుకు తింటున్నాడు, పొద్దునా సాయంత్రం అదే."

"పళ్ళ సెట్లు చేసేవాడికి మెత్తటి తిండి మంచిదేలే."

"అమ్మా!"

"పనిలో ఉన్నానే బాబూ."

"నాన్నతో మాట్లాడతావా?"

"ఆయనకు నోరు లేదా? ఊళ్ళో వాళ్ళందరికీ నోళ్ళు బాగుచేస్తాడుగా."

అది నవ్వలేదు. నది ఒడ్డు సంగతి నోరు జారి దానికి చెప్పేశాను. నాన్నకు చెప్పొద్దన్నాను. చెప్పనని ఒట్టు వేసింది. దాని ఒట్లు నేను ఎరగనివి కావు.

నవంబరు 9, ఆదివారం

సెలవు. అన్నం తిని మంచం మీద నడుం వాల్చాను. కల వచ్చింది.

ఈ ఇల్లే, కానీ నేల మెత్తగా ఉంది, పిండిలా. ఒకావిడ నెమ్మదిగా నడుస్తోంది. అడుగు వేసినచోట గుంట పడి మళ్ళీ నిండిపోతోంది. మొహం కనిపించలేదు. నా దగ్గరికి వచ్చి "నా చెయ్యి ఎక్కడ పెట్టావు?" అని అడిగింది, గరిటె ఎక్కడ పెట్టావు అన్నంత మామూలుగా. నేను సంచుల్లో వెతుకుతున్నాను. ప్రతి సంచికీ చీటీ ఉంది, ప్రతి చీటీ మీదా నా దస్తూరీయే, ఒక్కటీ చదవడానికి రావడం లేదు.

లేచేసరికి నాలుగు. దిండు మీద ఎండ పడి వెచ్చగా ఉంది. చాలాసేపు నేనెవరింట్లో ఉన్నానో తెలియలేదు. తెలియకపోవడమే బాగుంది.

నవంబరు 10

ఫోను రాలేదు. నేనేం ఎదురుచూడటం లేదు. సిగ్నలు ఉందో లేదోనని మేడ మీదికి వెళ్ళాను, అంతే.

నవంబరు 12, బుధవారం

వంటింటి వెనక చెత్తగొయ్యి మొదలుపెట్టాం. పైన రేకు కప్పి ఉండటంతో లోపల పొడిగా ఉంది, అదృష్టం. గుడ్డ కూడా చివకలేదు. నొప్పులకు రాసుకునే తైలం సీసాలు ఒక్క పొరలోనే ముప్పై. చెంచాలు మూడు. మూడింటికీ కాడల చుట్టూ గుడ్డ చుట్టి కుట్టేసి ఉంది, ఒక్కో కాడ నా బొటనవేలి కన్నా లావుంది. "వేడి తగలకుండా" అని చీటీ రాశాను.

మేస్త్రి చెంచా చేతిలో తిప్పి తిప్పి చూశాడు. ముప్పై ఏళ్ళుగా నాతో తవ్వుతున్న మనిషి. నేను తప్పు రాస్తే తప్పని అనడు, దగ్గుతాడు. దగ్గాడు.

"ఏంటి చెప్పు."

"వేడికి కాదమ్మా. మా అమ్మకి వేళ్ళు వంకర్లు పోయినాయి చూశారా, సన్నటి చెంచా పట్టుకోలేకపోయేది. ఇట్లాగే లావుగా చుట్టి ఇచ్చేవాళ్ళం."

అప్పుడు తైలం సీసాలన్నీ గుర్తొచ్చాయి. చీటీ చింపి మళ్ళీ రాశాను.

పెద్దాయన భార్య దర్జీ. ఈ వీధి స్కూలు పిల్లల బట్టలన్నీ ఆవిడే కుట్టేదని, చివరిదాకా కుట్టిందని, ఆవిడ చేతి కుట్టు పదేళ్ళయినా వీడేది కాదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ముందుగదిలో ఆవిడకు స్కూలువాళ్ళు ఇచ్చిన ప్రశంసాపత్రం ఫ్రేము కట్టి ఉంది. చెంచా పట్టుకోలేని చేత్తో ఎలా కుట్టిందో! ఆడదాని ఓపిక. ఆయన పక్క గదిలో మహామౌనంలో ఉండి ఉంటాడు. ఒళ్ళు మండిపోయింది నాకు.

నవంబరు 14, శుక్రవారం

చెత్తగొయ్యిలో పళ్ళ సెట్టు దొరికింది. పై దవడది, రెండు ముక్కలై ఉంది. పాతకాలం రబ్బరు, ముదురు గోధుమ రంగు. ఎడమ పక్క ఒక బంగారు పన్ను. గోడ మీద ఫొటోలో పెద్దాయన నవ్వుతున్నప్పుడు అదే పన్ను మెరుస్తుంది, కాబట్టి ఆయనదే, సందేహం లేదు. ముందు పన్ను అంచున సన్నటి గాడి ఉంది, రంపంతో కోసినట్టు.

కార్యదర్శి గారికి పట్టరాని సంతోషం. "మేడం, ఆలోచిస్తూ కలం కొరికేవారు! కలం కొరికిన పన్ను అని రాసి అద్దాల పెట్టెలో పెట్టేద్దాం."

"కలం ఇంత సన్నగా ఉంటుందా అండీ?"

"మరి ఇంకేం కొరుకుతారు మేడం, అంతటి మహారచయిత?"

తెలిసినవాళ్ళకు చూపించకుండా రాయనన్నాను. సరే, చూపించండి అన్నారు. చూపించాలి. ఈ జిల్లా మొత్తానికి పాత రబ్బరు సెట్ల గురించి తెలిసిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడితోనే నేను ముప్పై ఏళ్ళు కాపురం చేశాను. నా ఖర్మ.

నేను వెళ్ళలేదు. డబ్బాలో దూది పరిచి, సెట్టు పెట్టి, మేస్త్రి చేతికిచ్చి పంపాను. చీటీ రాశాను: "ఈ గాడి దేనివల్ల? శాఖ పని మీద అడుగుతున్నాను." కింద సంతకం పెట్టి, హోదా కూడా రాశాను.

నవంబరు 15, శనివారం

మేస్త్రి చేతులూపుకుంటూ వచ్చాడు. "రెండ్రోజులు ఆగమన్నారమ్మా. భూతద్దం పెట్టుకుని చూస్తున్నారు."

"ఇంకేమన్నాడు?"

"అమ్మగారి మోకాళ్ళు ఎట్లా ఉన్నాయన్నారు. నేలమీదే పనిచేస్తున్నారని చెప్పాను."

అడగడానికి ఫోనుంది. నా మోకాళ్ళ సంగతి మేస్త్రిని అడగడమేంటి?

రాసేస్తాను, ఎవరు చదువుతారు గనక. బస్సూ కాదు, ఎనభై నిమిషాలూ కాదు. ఆ రోజు నేను అలసిపోయి వచ్చాను. మా ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఎవరివో పళ్ళు ఆకురాయితో రాస్తున్నాడు. ఇంట్లో ఎటు చూసినా ఎవరివో దవడలు. "ముప్పై ఏళ్ళలో నాకోసం మీరు చేసింది ఒక్కటి చెప్పండి" అన్నాను. కోపంతోనే అన్నాను గానీ, చెబితే వినాలనే ఉండింది. ఏదైనా సరే, చిన్నదైనా సరే. మా ఆయన ఆకురాయి పక్కన పెట్టాడు. నిజంగానే ఆలోచించాడు. గోడ గడియారంలో రెండు నిమిషాలు గడిచాయి, నేను చూస్తూనే ఉన్నాను. చివరికి "ఏమో" అన్నాడు.

ఆ "ఏమో"కే నేను పెట్టె సర్దుకున్నాను. తిట్టినా ఉండిపోయేదాన్ని.

నవంబరు 17, సోమవారం

చీటీ వచ్చింది. పళ్ళ సెట్టు రాలేదు, చీటీ మాత్రమే. ఇక్కడ అతికిస్తున్నాను:

"మగవాడిది. కుడి పక్క ఎక్కువ నమిలేవాడు. ముందు పన్ను గాడి దారం కొరకడం వల్ల. దర్జీలకు వస్తుంది, చాలామందివి చూశాను. కలం వల్ల కాదు. పింగాణీ పన్ను ఇంత అరగాలంటే రోజూ కొరికినా పదేళ్ళు పడుతుంది. పాత దుమ్ము మంచిది కాదు, ముక్కుకు గుడ్డ కట్టుకో."

ముప్పై ఏళ్ళలో మా ఆయన నాకు రాసిన మొట్టమొదటి ఉత్తరం ఇది. ప్రేమలేఖ చూడండి, దవడతో మొదలై దుమ్ముతో ముగిసింది.

మూడుసార్లు చదివాను. ఆ దారం మాట కోసం.

నవంబరు 18, మంగళవారం

పొద్దున్నే లేచి ఆ నలభై మూడు ఇనప ముక్కలూ మందు నీళ్ళలో వేశాను. తుప్పు మెల్లగా వదిలి, నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. ఒక్కొక్కటే తీసి భూతద్దం కింద పెట్టాను. మొదటిదానికి వెనక కన్నం. రెండోదానికి కన్నం. ఏడోది కన్నం దగ్గరే విరిగింది. అవి గుండుసూదులు కావు. కుట్టుసూదులు.

తలలు ఊడిన గుండుసూదులట! రచయిత గదిలో దొరికింది కాబట్టి సూది అయితే కాగితాలకే గుచ్చి ఉంటాడనుకున్నాను. మూత అయితే సిరాబుడ్డిదే అనుకున్నాను. ఆ మూత చూపుడువేలికి తొడిగితే సరిగ్గా సరిపోయింది, మేస్త్రి వేలికి. నా వేలికి వదులు. కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా పెట్టుకునే టోపీ అది, మగవాడి వేలిది. సుద్దముక్కలు గుడ్డ మీద గీత గీసేవి. తెల్ల గుండీలు స్కూలు చొక్కాలవి. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న అధికారిని, చీటీ ముందు రాసుకుని వస్తువు తర్వాత చూశాను.

మధ్యాహ్నం మూడు చెంచాలూ వరసగా పెట్టాను. అడుగు పొరలో దొరికినదాని మీద కుట్లు వంకరటింకర, ఒకటి ఇంత పొడుగు, ఒకటి అంత. నడుమ పొరలోది ఫరవాలేదు. పైపొరలోది చూస్తే కళ్ళకు అద్దుకోవాలి, చీమల బారులా సమంగా ఉన్నాయి. మనిషి నేర్చుకుంటూ వచ్చాడు. పదకొండేళ్ళు.

ఆవిడ వేళ్ళు పనికిరాకుండా పోయాయి. స్కూలు పిల్లల బట్టలు మాత్రం ఆగలేదు, ఆవిడ పేరూ పోలేదు. ఆయన తలుపేసుకుని, కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని ఆవిడ పని కుట్టాడు. జనం నవల రాస్తున్నాడనుకున్నారు. రాయలేకపోతే మౌనం అనుకున్నారు. ఎవరికైనా అనుమానం వస్తుందేమోనని సూదీ దారం ఎక్కడుంటాయో తెలియదని అచ్చు వేయించాడు. ఆ మాట గొప్పకు రాసుకున్నది కాదు, ఆవిడ పేరుకు కాపలా పెట్టింది. ఇన్నేళ్ళూ దాన్ని చదివి ఆడవాళ్ళం పళ్ళు కొరికాం, మగవాళ్ళు నవ్వారు.

నాకు ఏడుపొచ్చింది. జల్లెడ పట్టుకుని ఏడ్చాను. మేస్త్రి దగ్గి అటు తిరిగాడు. అటు తిరిగే అన్నాడు, "అయినా పెద్దాయన అబద్ధం చెప్పలేదమ్మా. నలభై మూడు సూదులు సందుల్లో పడేసుకున్నవాడికి ఎక్కడున్నాయో ఏం తెలుస్తుంది?"

ఏడుస్తూనే నవ్వాను.

నవంబరు 20, గురువారం

కార్యదర్శి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "మహామౌనం మీద మూడు గ్రంథాలున్నాయి మేడం! ఇప్పుడు ఆ పదకొండేళ్ళూ నిక్కర్లు కుట్టారని రాస్తామా?"

"చొక్కాలండీ. గుండీలు చొక్కాలవి."

"మీకు వేళాకోళంగా ఉంది."

"లేదండీ. అంత మంచి మౌనం నేనెక్కడా చూడలేదు."

పెద్దాయన దాచిపెట్టినదాన్ని నేను బయటపెడుతున్నాను, ఆ బాధ నాకూ ఉంది. కానీ దొరికినదాన్ని దొరకలేదని రాయలేను. ఇద్దరూ పోయి నలభై ఏళ్ళు. ఇప్పుడు ఆవిడ పేరుకు వచ్చే లోటేమీ లేదు.

నవంబరు 21

మంచు పదకొండింటిదాకా విడవలేదు. ఏ పనీ చేయలేదు. ఉత్తరం తీసి గడి చూసి మళ్ళీ పెట్టాను.

నవంబరు 23, ఆదివారం

మధ్యాహ్నం మళ్ళీ కల. ఈసారి ఆవిడ నడవడం లేదు, కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆయన పక్కన కూర్చుని దారం కొరుకుతున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. వెలుగు మాత్రం ఒకరి ఒడిలోంచి మరొకరి ఒడిలోకి గుడ్డలా జారుతోంది. నేను గుమ్మంలో నిలబడి "నాకు పని ఉంది, లోపలికి రావాలి" అంటున్నాను. ఆవిడ నా వైపు చూసి "నీ చెయ్యి నీ దగ్గరే ఉందిగా" అంది.

లేచి చాలాసేపు నా చెయ్యి చూసుకున్నాను. ఏముంది, గోళ్ళలో మట్టి.

పెద్దాయన లాంటి మగవాడు దొరికిన ఆవిడ అదృష్టవంతురాలు. అందరికీ దొరుకుతారా!

నవంబరు 25, మంగళవారం

పళ్ళ సెట్టు తిరిగి వచ్చింది. డబ్బా మూత తీసి చూసి కెవ్వున అరిచాను.

అతికించేశాడు! రెండు ముక్కలనీ కలిపి, నడుమ కొత్త ముద్ద పోసి, అరగదీసి, పాలిష్ పట్టి మరీ పంపాడు. చీటీలో "విరిగి ఉంది, బాగుచేశాను. ఇక నమలవచ్చు" అని రాశాడు. ఎవరు నమలాలి? నలభై ఏళ్ళ కిందట పోయిన మనిషా? పురావస్తువుకు మరమ్మతు చేసిన మొగుడు నాకొక్కదానికే ఉంటాడు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నేర్చుకున్న పాఠం అది, విరిగినదాన్ని విరిగినట్టే ఉంచాలని. వచ్చిన కోపానికి సెట్టును ట్రేలో నా తాపీ పక్కన ఠక్కున పెట్టాను.

అలా పెట్టిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

ముదురు గోధుమ రంగు రబ్బరు నడుమ కొత్తగా పోసిన గీత గులాబీ రంగు. పక్కన నా తాపీ పిడి గులాబీ రంగు. రెండూ ఒకటే. చిగుళ్ళ రంగు. మా ఇంట్లో ముప్పై ఏళ్ళుగా గిన్నెల పక్కన ఆరుతూ ఉండే రంగు.

"మేస్త్రీ," అన్నాను. "ఏడేళ్ళ కిందట నా తాపీ పిడి విరిగితే స్టోరులో ఇమ్మని నీకు చెప్పాను. గుర్తుందా?"

"గుర్తుందమ్మా. సంచీతో పాటు మీరు ఇంటికి పట్టుకెళ్ళిపోయారు. మర్నాడు చూస్తే బాగై ఉంది, మీరే చేయించుకున్నారనుకున్నాను."

అప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రం, టీవీ చూస్తున్నాను. మా ఆయన వచ్చి వెచ్చటి మైనం ముద్ద చేతిలో పెట్టి "గట్టిగా పట్టుకో" అన్నాడు. ఏదో కొత్త సరుకు వచ్చింది, పరీక్ష చేసుకుంటున్నాడనుకున్నాను. చేతికి జిడ్డయిందని విసుక్కున్నాను కూడా. అది చల్లబడేదాకా పక్కన నిలబడి, జాగ్రత్తగా తీసుకుని వెళ్ళిపోయాడు. పళ్ళ కొలత తీసుకున్నట్టే నా పిడికిలి కొలత తీసుకున్నాడు. ఏడేళ్ళు రోజూ ఆ పిడి పట్టుకున్నాను. దానితో ఊళ్ళు తవ్వాను.

ఎవరి ఇంట్లోనో చెత్తగొయ్యిలో చెంచా చూసి ఏడ్చిన ఘనురాలిని నేను.

నవంబరు 26

ఇంటికి వెళ్ళలేదు. వెళ్ళి ఏమనాలి?

నవంబరు 27, గురువారం

కార్యదర్శి గారు దిగొచ్చారు. మేస్త్రి నలభై మూడు సూదుల మాట ఆయన దగ్గర కూడా అన్నాడట. ముందు మొహం ముడుచుకుని, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారట. గోడ మీద అక్షరాలు అలాగే ఉంటాయి. వాటి కింద అద్దాల పెట్టెలో సూదులు, వేలి టోపీ, మూడు చెంచాలు. పళ్ళ సెట్టు పక్కన చీటీ నేనే రాశాను: "దారం కొరికిన పన్ను. నడుమ గులాబీ రంగు అతుకు ఇటీవలిది."

నవంబరు 29, శనివారం

మధ్యాహ్నం బస్సు ఎక్కాను. నలభై నిమిషాలు కళ్ళు మూసుకునే ఉన్నాను.

తలుపు తీసే ఉంది. మా ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఎవరివో పళ్ళు రాస్తున్నాడు. తలెత్తి, "వచ్చావా. బాగా అతికిందా?" అన్నాడు, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చినదాన్ని పలకరించినట్టు.

"అది అతకకూడదండీ."

"విరిగింది గదా."

సంచిలోంచి తాపీ తీసి ఆయన ముందు పెట్టాను. "ఇది మీరే చేశారా?"

"పిడి విరిగిందన్నావు గదా."

"మరి ఆ రోజు అంత అడిగితే ఏమో అన్నారే? నాకోసం చేసింది ఒక్కటి చెప్పమంటే?"

మళ్ళీ ఆలోచించాడు. ఈసారి నేను గడియారం చూడలేదు, ఆయన్నే చూశాను. జుట్టు మీద తెల్లటి ప్లాస్టర్ పొడి, కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది.

"ఇది తాపీకి చేశాను గదా," అన్నాడు.

ఈ మనిషితో ఏం వేగను! నవ్వాలో ఏడవాలో తెలియక తల తిప్పుకున్నాను. ఎదురుగా అరలో ప్లాస్టర్ దవడలు, ఒక్కోదానికీ ఒక పేరు చీటీ. వాటి మధ్యలో ఒక పిడికిలి. నాది. చీటీ లేదు. దాని ముందు రెండు కొత్త పిడులు, గులాబీ రంగువి, ఇంకా తడి ఆరలేదు.

"అవి?"

"బుజ్జి చెప్పింది. మూడేళ్ళంట గదా." ఆకురాయి తీసుకుని మళ్ళీ పనిలో పడ్డాడు, నా వైపు చూడకుండా. "నది ఒడ్డు ఇసక గరుకు. ఒక్కటి ఆగదు. రెండు చేశాను."

ఆయన పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను. నేను వదిలిపెట్టి పోతానని తెలిసి, నా చెయ్యి నొప్పి పుట్టకుండా రెండు పిడులు చేసి పెట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఆకురాయి ఆగింది.

"మరి మీరు?" అన్నాను.

"నన్ను రమ్మన్లేదు గదా నువ్వు."

"రమ్మంటే?"

కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. ఎండ కిటికీలోంచి బల్ల మీదికి వచ్చింది, తెల్లటి పొడి వెలుగులో తిరుగుతోంది.

"అక్కడి జనానికీ పళ్ళు ఊడతాయి గదా," అన్నాడు.

డైరీలోంచి ఉత్తరం తీసి బల్ల మీద పరిచాను. గడి నింపాలంటే పెన్ను కావాలి. ఈ ఇంట్లో పెన్ను ఎక్కడుంటుందో నాకు తెలియదు. మా ఆయన లేచి వెళ్ళి తెచ్చిచ్చాడు. "వసతి ఎందరికి" అన్నచోట రెండు అని రాశాను.